లకుముకి ముక్కున్న రైలు

చెరువు గట్టున ఎప్పుడైనా లకుముకి పిట్టను కాస్త ఓపిగ్గా చూశారా? నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఉంటుంది. చేప కనబడగానే రాయి పడ్డట్టు నీళ్ళలోకి దూకుతుంది. కాని రాయి పడితే “బుడుంగు”మని నీళ్ళు నాలుగువైపులా చిమ్ముతాయి. లకుముకి దూకితే చప్పుడు పెద్దగా ఉండదు. కళ్ళు మూసి తెరిచేలోగా ముక్కున చేపతో మళ్ళీ కొమ్మ మీద ఉంటుంది.

సరే, ఈ పిట్టకూ, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే రైలుకూ ఏమిటి సంబంధం? ఉంది. జపానులో ఒక రైలుకు ఈ పిట్ట ముక్కు ఆకారమే వచ్చింది. అలంకారానికి కాదు సుమా! ఆ రైలు చేసే ఒక చప్పుడును అణచడానికి.

జపాను వేగరైళ్ళ కథంతా ఒక రకంగా చప్పుళ్ళ కథే. వేగంగా పోయే యంత్రాన్ని తయారుచెయ్యడం గొప్పే. కాని అది చేసే చిన్న చప్పుడును, చిన్న వణుకును విని, “ఇది ఎందుకు వస్తోంది?” అని అడగడం అంతకంటే గొప్ప. ఆ ప్రశ్న అడిగినన్నాళ్ళూ ఏమి జరిగిందో, ఒకసారి అడిగీ అడగనట్టు ఊరుకుంటే ఏమి జరిగిందో చెబుతాను. వినండి.

కొత్త పట్టాలు, కొత్త దారి

జపాను రైళ్ళు మొదటినుంచీ సన్నని పట్టాల మీద నడిచేవి. పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లని గుర్తు చేసుకుంటే అది ఎంత ఇరుకో తెలుస్తుంది. టోక్యో నుంచి ఒసాకా వెళ్ళాలంటే ఆ రోజుల్లో అన్నిటికంటే వేగంగా పోయే రైలుకు కూడా ఆరున్నర గంటలు పట్టేది.

1957 మే నెలలో టోక్యోలో రైల్వే పరిశోధన సంస్థ ఇంజనీర్లు ఒక సభ జరిపి, “ఈ ప్రయాణం మూడు గంటల్లో సాధ్యమే” అని చెప్పారు. ఇలా అన్నవారిలో కొందరు ఒకప్పుడు విమానాలు తయారుచేసినవారు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక జపానులో విమానాల పని ఆగిపోయింది. మికి తదనావో అనే ఇంజనీరు యుద్ధవిమానాల నమూనాలు గీసినవాడు. యుద్ధం ముగిశాక ఆ తెలివినే గాలిని చీల్చుకుపోయే రైళ్ళ మీద పెట్టాడు.

1964 అక్టోబరు 1న టోక్యో నుంచి కొత్త మార్గం మీద మొదటి రైలు బయలుదేరింది. మరి తొమ్మిది రోజుల్లో అదే నగరంలో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. ఈ మార్గం పేరు షింకాన్‌సెన్. అంటే “కొత్త ప్రధాన మార్గం” అని అర్థం. పొడవు 515 కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దారి పొడుగునా ఒక్క లెవెల్‌క్రాసింగు గేటు కూడా లేదు. వేగం గంటకు 210 కిలోమీటర్లు. తక్కువ చోట్ల ఆగే రైలుకు “హికారి” అనీ, అన్ని చోట్లా ఆగే రైలుకు “కొదామ” అనీ పేర్లు పెట్టారు. హికారి అంటే వెలుగు, కొదామ అంటే ప్రతిధ్వని. అన్నిటికంటే వేగంగా పోయే “నొజొమి” 1992లో వచ్చింది. నొజొమి అంటే ఆశ.

ఈ రైలుకు ముందుండి లాగే ఇంజను అంటూ విడిగా లేదు. పెట్టెల కిందే మోటార్లు అమర్చారు. ఒక బరువైన బండిని ఒకడే లాగే బదులు పదిమంది తలా ఒక చెయ్యి వేసినట్టన్నమాట. బరువు ఒకచోటే పడదు కనుక పట్టాలు, వంతెనలు తక్కువ నలుగుతాయి.

పాములా మెలికలు తిరిగే చక్రాలు

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. టీ తాగే కాగితపు గ్లాసులు రెండు తీసుకోండి. మూతి మూతి కలిపి అంటించండి. మధ్యలో లావుగా, రెండు చివరలా సన్నగా ఉన్న చక్రాల జత తయారైంది. రెండు పొడుగాటి కర్రలను పట్టాల్లా సమానదూరంలో పెట్టి, ఒకవైపు కొంచెం ఎత్తుచేసి, ఈ జతను దొర్లించండి. అది ఒక పక్కకు ఒరిగినా తనంతట తనే మళ్ళీ మధ్యకు వస్తుంది. ఇప్పుడు గ్లాసులను అడుగు అడుగు కలిపి అంటించి చూడండి. కొద్ది దూరం పోయి కింద పడిపోతుంది.

రైలు చక్రాలు మొదటి జత వంటివి. లోపలివైపు చుట్టుకొలత కాస్త ఎక్కువ, బయటివైపు కాస్త తక్కువ. జత కుడివైపు జరిగితే కుడి చక్రం తన లావు భాగం మీద దొర్లుతుంది. కాబట్టి ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోయి, జతను ఎడమవైపు తిప్పుతుంది. ఈ ఏర్పాటు చాలా చక్కనిదే. కాని వేగం బాగా పెరిగితే దీనితోనే చిక్కు. మధ్యకు రావలసిన జత మధ్యను దాటి అవతలికి పోతుంది. అక్కడినుంచి మళ్ళీ ఇవతలికి. ఇలా పాములా మెలికలు తిరుగుతూ, వణుకు పెరిగి పెరిగి, చివరకు పట్టా తప్పే ప్రమాదం కూడా ఉంది.

పట్టాలు తప్పిన సందర్భాల్లో చాలామంది ఇంజనీర్లు తప్పు పట్టాలదే అనుకునేవారు. మత్సుదైరా తదషి అనే ఇంజనీరు ఒప్పుకోలేదు. ఆయన యుద్ధకాలంలో జీరో విమానాల భాగాలు గాలిలో అదిరి ఎందుకు విరిగిపోతున్నాయో పరిశోధించినవాడు. “రెక్క అదరడం లాంటిదే ఇదీను. తప్పు పట్టాలది కాదు, చక్రాలు తమకు తామే వణుకుతున్నాయి” అన్నది ఆయన వాదన. తిరిగే దొర్లుడు యంత్రాల మీద నమూనాలను పరుగెత్తించి ఆ మాట రుజువు చేశాడు. ఇరుసులను పట్టుకునే స్ప్రింగుల బిగువును సరిచేసి, వణుకు పుట్టే వేగాన్ని రైలు నడిచే వేగానికి చాలా పైకి నెట్టారు. వణుకు చెప్పిన మాట విన్నారు గనకనే 210 కిలోమీటర్ల వేగం అందింది.

కంటికి అందని సిగ్నలు

గంటకు 210 కిలోమీటర్లంటే సెకనుకు 58 మీటర్లు. దారి పక్కన సిగ్నలు స్తంభం కనబడి, దాని రంగు గుర్తుపట్టేలోపే రైలు దాన్ని దాటిపోతుంది. పైగా ఆ వేగంలో బ్రేకు వేస్తే రైలు ఆగడానికి కిలోమీటర్ల దూరం కావాలి. అందుకని స్తంభాల మీద ఆధారపడడం మానేశారు. ముందున్న రైలు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో పోవచ్చో చెప్పే సంకేతం పట్టాల ద్వారానే డ్రైవరు గదిలోకి వస్తుంది. అనుమతించిన వేగం మించితే బ్రేకులు వాటంతట అవే పడతాయి. మనిషి కన్ను అలసిపోతుందని ముందే ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలే ఒక పెద్ద రక్షణ.

పొరుగువాళ్ళ మొర

రైల్లో కూర్చున్నవారికి అంతా హాయిగానే ఉంది. మరి పట్టాల పక్కన ఇళ్ళున్నవారి సంగతో? పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా కిటికీలు అదిరేవి. 1974లో నగోయా నగరంలో పట్టాల పక్కన ఉండేవారు వందలమంది కలిసి కోర్టుకు వెళ్ళారు. 1975లో జపాను ప్రభుత్వం ఒక పరిమితి పెట్టింది. ఇళ్ళుండే ప్రాంతాల్లో ఈ రైలు మోత 70 డెసిబెల్‌లు మించకూడదు, మిగతా ప్రాంతాల్లో 75 మించకూడదు.

చెప్పినంత సులభం కాదు ఇది. గాలి చేసే మోత వేగాన్ని మించిపోయి పెరుగుతుంది. దాని శక్తి సుమారుగా వేగం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వేగం 200 నుంచి 300కు పెంచితే ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నరను ఆరుసార్లు హెచ్చవేసి చూడండి. పదకొండు రెట్లు దాటుతుంది!

దీనికి తోడు సొరంగాలు. ఒసాకా నుంచి పడమటికి పోయే మార్గంలో కొండలెక్కువ, సొరంగాలెక్కువ. రైలు సొరంగంలోకి దూసుకుపోయేటప్పుడు సైకిలు పంపులో పిస్టనులా ముందున్న గాలిని ఒత్తుతుంది. ఆ ఒత్తిడి అలగా మారి, ధ్వని వేగంతో, అంటే సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో, అవతలి చివరకు పోతుంది. గంటకు 300 కిలోమీటర్లతో పోయే రైలు సెకనుకు 83 మీటర్లే పోతుంది. సొరంగం పొడవు 2 కిలోమీటర్లనుకోండి. అల 6 సెకన్లలో బయటపడుతుంది. రైలు రావడానికి 24 సెకన్లు. అంటే రైలు కనబడడానికి 18 సెకన్ల ముందే సొరంగం నోట “ఢాం” అని ఫిరంగి పేలినట్టు మోత! పాపం, ఆ పక్క ఊళ్ళవాళ్ళ గుండెలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

పిట్టల్ని చూసే ఇంజనీరు

ఈ మోత అణచే పని నకత్సు ఎయిజి అనే ఇంజనీరు బృందానికి వచ్చింది. ఆయనకు పక్షుల్ని గమనించడం సరదా. తక్కువ ఒత్తిడి ఉన్న చోటునుంచి ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటుకు, చప్పుడు లేకుండా దూరే ప్రాణి ఏదైనా ఉందా అని ఆలోచిస్తే లకుముకి గుర్తొచ్చింది. నీరు గాలి కంటే 800 రెట్లు బరువు. అయినా ఆ పిట్ట నీళ్ళు చిందకుండా దూకుతుంది గదా!

ఊహ బాగుందని ఊరుకోలేదు. రకరకాల ఆకారాల తూటాలను గొట్టంలోకి పేల్చి, పుట్టే ఒత్తిడి అలలను కొలిచారు. అన్నిటికంటే మంచి ఫలితమిచ్చిన ఆకారం లకుముకి ముక్కును పోలి ఉంది. అలా తయారైన రైలు ముక్కు పొడవు 15 మీటర్లు. 1997లో ఆ “500 శ్రేణి” రైలు గంటకు 300 కిలోమీటర్లతో పరుగుతీసింది.

తలమీద కరెంటు తీగను తాకే పాంటోగ్రాఫ్ చేసే మోతకు మరో పక్షి దారి చూపింది. గుడ్లగూబ రాత్రి ఎగిరితే చప్పుడే వినపడదు. దాని రెక్క అంచున రంపపు పళ్ళలాంటి సన్నని ఈకలుంటాయి. అవి గాలిలో పెద్ద సుడులను చిన్న చిన్న సుడులుగా విడగొడతాయి. పెద్ద సుడులే పెద్ద మోతకు కారణం. పాంటోగ్రాఫ్‌కు కూడా అలాంటి చిన్న పళ్ళు పెట్టారు.

అయితే ఏ వరమూ ఉచితంగా రాదు. అంత పొడుగు ముక్కు పెడితే మొదటి పెట్టెలో సీట్లు తగ్గాయి, ముందువైపు తలుపుకు చోటు లేకపోయింది. అందుకే తర్వాత వచ్చిన “ఎన్700” శ్రేణికి కంప్యూటరు సాయంతో వేలాది ఆకారాలు సరిచూసి, 10.7 మీటర్ల ముక్కుతోనే సరిపెట్టుకున్నారు.

సీట్లలో లెక్కలు, ఏడు నిమిషాల పని

ఎన్700 రైలుకు 16 పెట్టెలు, 1323 సీట్లు. మామూలు తరగతిలో ఒక వరసకు దారికి ఇటు మూడు, అటు రెండు సీట్లు. ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. ఇద్దరు వచ్చినా, ముగ్గురు వచ్చినా, ఏడుగురు వచ్చినా, పదిమంది వచ్చినా ఎవరూ ఒంటరిగా అపరిచితుల పక్కన కూర్చోనక్కరలేదు. ఒకటి కంటే పెద్దదైన ఏ సంఖ్యనైనా రెండ్లు, మూళ్ళుగా విడగొట్టవచ్చు కదా. మీరే ప్రయత్నించి, ఎందుకు వీలవుతుందో రుజువు చెయ్యండి.

ఈ సీట్లు గిర్రున తిరుగుతాయి. రైలు ఏ దిక్కుకు పోయినా ప్రయాణికులు ముందుకే చూస్తూ కూర్చోవచ్చు. మరి వాటిని తిప్పేదెవరు? టోక్యో స్టేషనులో ఉత్తరానికి పోయే రైళ్ళు 12 నిమిషాలు ఆగుతాయి. దిగడానికి 2 నిమిషాలు, ఎక్కడానికి 3 నిమిషాలు తీసేస్తే మిగిలేది 7 నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క పెట్టె, అంటే సుమారు వంద సీట్లు, చూసుకుంటారు. చెత్త ఏరడం, సీట్లు తిప్పడం, బల్లలు తుడవడం, మాసిన తలగుడ్డలు మార్చడం, నేల ఊడ్చడం, ఎవరైనా వస్తువు మరిచిపోయారేమో పైనా కిందా చూడడం, అన్నీ! రైలు వచ్చేటప్పుడు వరసగా నిలబడి వంగి నమస్కరిస్తారు. పని ముగిశాక ప్రయాణికులకు మళ్ళీ నమస్కరిస్తారు.

ఒకప్పుడు ఇది కిందిపని అని చేసేవాళ్ళే అనుకునేవారు. 2005లో ఆ సంస్థకు వచ్చిన యానో తెరువో అనే అధికారి వాళ్ళను కూర్చోబెట్టి, “ఏమి మారిస్తే బాగుంటుందో మీరే చెప్పండి” అన్నాడు. పెట్టెలో ఏ మూల ఏ మరక పడుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇప్పుడు వాళ్ళ పని చూడడానికి పరదేశాలవాళ్ళు కూడా ప్లాట్‌ఫాం మీద నిలబడతారు.

వేలితో చూపి, నోటితో చెప్పి

జపాను రైలు డ్రైవరును పక్కనుంచి చూస్తే తనలో తను మాట్లాడుకుంటున్నాడేమో అనిపిస్తుంది. గడియారంవైపు వేలు చూపి సమయం చదువుతాడు. వేగం ముల్లువైపు వేలు చూపి వేగం చెబుతాడు. పక్కన ఎవరూ లేరు. మరి ఎవరికి చెబుతున్నాడు?

తనకే! ఇది ఆవిరి ఇంజన్ల కాలంనుంచి వస్తున్న అలవాటు. అలవాటైన పనిలో కన్ను చూస్తుంది, మనసు చూడదు. మీరు తాళం వేసి నాలుగడుగులు వేశాక, “తాళం వేశానా?” అని అనుమానపడరూ, అలాగే. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ కలిస్తే మనసు తప్పించుకోలేదు. 1994లో జపాను రైల్వే పరిశోధన సంస్థ దీన్ని పరీక్షించింది. ఊరికే చేస్తే నూరు పనులకు 2.38 తప్పులు. వేలితో చూపి, నోటితో చెబితే 0.38 మాత్రమే.

ఈ రైళ్ళ వేళలు 15 సెకన్ల లెక్కన గీస్తారు. టోక్యో–ఒసాకా మార్గంలో రోజుకు 300కు పైగా రైళ్ళు నడిచినా, తుఫానులు, మంచు కలుపుకున్నా సగటు ఆలస్యం ఒకటి రెండు నిమిషాలే. అర్ధరాత్రి నుంచి తెల్లవారి 6 గంటల దాకా రైళ్ళు ఉండవు. ఆ వేళ పట్టాలకు వైద్యం జరుగుతుంది.

భూమి కదిలినప్పుడు

జపానులో భూకంపాలు తరచు వస్తాయి. భూకంపంలో రెండు రకాల అలలుంటాయి. మొదటిది సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, పెద్దగా నష్టం చెయ్యదు. రెండోది సుమారు మూడున్నర కిలోమీటర్లు, ఊపేది అదే. 100 కిలోమీటర్ల దూరానికి రెండింటి మధ్య తేడా దాదాపు 12 సెకన్లు. మొదటి అలను పట్టిన పరికరం వెంటనే తీగల్లో కరెంటు ఆపేస్తుంది. కరెంటు ఆగితే రైళ్ళకు బ్రేకులు పడతాయి. 2011 మార్చి 11న వచ్చిన మహా భూకంపంలో సముద్రతీరపు పరికరం ముందే పసిగట్టి రైళ్ళను ఆపడం మొదలుపెట్టింది. సెందాయ్ దగ్గర ప్రయాణికులు లేని పరీక్షా రైలు ఒకటి పట్టా తప్పింది. ప్రయాణికులున్న షింకాన్‌సెన్ రైళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అన్నిసార్లూ అంత వ్యవధి దొరకదు. 2004 అక్టోబరు 23న నీగత ప్రాంతంలో భూకంపం సరిగ్గా రైలు కిందే వచ్చినంత పనైంది. గంటకు 200 కిలోమీటర్లతో పోతున్న రైలు పట్టా తప్పింది. అందులో 150 మందికి పైగా ఉన్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా “అదృష్టం బాగుంది” అని వదిలెయ్యకుండా, పట్టా తప్పినా రైలు పక్కకు పోకుండా ఆపే ఏర్పాట్లు తర్వాత అమర్చారు.

విన్నారు, కాని ఆపలేదు

1964 నుంచి ఇప్పటిదాకా వందల కోట్లమంది ప్రయాణించినా, ఈ రైళ్ళు ఢీకొనిగాని, పట్టా తప్పిగాని ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. ఇది నిజం. ఇంకో నిజం కూడా చెప్పాలి. 1995 డిసెంబరు 27న మిషిమా స్టేషనులో మీ అంతటి కుర్రవాడే, ఉన్నత పాఠశాల విద్యార్థి, పరుగున వచ్చి ఎక్కబోయాడు. మూసుకుంటున్న తలుపులో వేళ్ళు చిక్కాయి. ఎవరూ గమనించలేదు. రైలు కదిలిపోయింది. ఆ కుర్రవాడు బతకలేదు. ఆ తర్వాత తలుపుల ఏర్పాటును మార్చారు.

2017 డిసెంబరు 11న మరో హెచ్చరిక. హకాతా నుంచి టోక్యో పోతున్న నొజొమి రైల్లో సిబ్బందికి మాడువాసన వచ్చింది. కిందనుంచి ఏదో చప్పుడు. ఒకాయామాలో పరీక్షకులు ఎక్కారు. వాళ్ళకూ చప్పుడు వినబడింది. ముందు స్టేషనులో ఆపి చూద్దామా అని ఫోనులో అన్నారు కూడా. సరిగ్గా ఆ క్షణంలో అవతలి ఉద్యోగి చెవి ఫోను దగ్గర లేదు. “నిర్ణయం వాళ్ళు తీసుకుంటారులే” అని వీళ్ళు, “ప్రమాదమైతే గట్టిగా చెబుతారులే” అని వాళ్ళు! రైలు సాగిపోయింది. చివరకు నగోయాలో ఆపి చూస్తే, చక్రాలను మోసే ఉక్కు చట్రంలో 44 సెంటీమీటర్ల చీలిక. ఇక మిగిలి ఉన్నది 3 సెంటీమీటర్లే! తయారీలో ఉక్కు రేకును అరగదీసి పలచబరచడం కూడా దీనికి ఒక కారణమని తర్వాత తేలింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కాని అందరూ సిగ్గుపడ్డారు. యంత్రం తన బాధ చెప్పింది, మనుషులు విన్నారు, అయినా ఆపలేదు. వేళకు చేరాలన్న పట్టుదల మంచిదే. అది “ఆపుదాం” అనే మాటను మింగేస్తే మాత్రం ప్రమాదం. ఆ తర్వాత నియమం స్పష్టం చేశారు: అనుమానం వస్తే సందేహించకుండా రైలు ఆపాలి.

మన దేశంలో ముంబై–అహ్మదాబాద్‌ల మధ్య 508 కిలోమీటర్ల మార్గం ఈ జపాను పద్ధతిలోనే నిర్మాణంలో ఉంది. పట్టాలు, చక్రాలు, పరికరాలు కొనవచ్చు. వేలితో చూపి నోటితో చెప్పే ఓపికను, చప్పుడు వినగానే “ఎందుకు?” అని అడిగే గుణాన్ని మాత్రం ఎవరూ అమ్మరు. అవి మనమే అలవరచుకోవాలి. రేపు ఆ పట్టాలను చూసుకునేవాళ్ళలో మీరూ ఉండవచ్చు.

అందాకా మీకో పని. ఈసారి సైకిలు తొక్కేటప్పుడో, ఇంట్లో ఫంకా తిరిగేటప్పుడో కొత్త చప్పుడు వినబడితే, ఆపి, ఎక్కడనుంచి వస్తోందో కనిపెట్టండి. అలాగే ఒక సాయంత్రం చెరువు గట్టుకు వెళ్ళి లకుముకి పిట్టను చూడండి. చప్పుడు మాత్రం చెయ్యకండేం!